మొదటి గడి

చదువుకోడానికి ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లు చాలామంది చేసేదీ, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం సరిగ్గా చెప్పనిదీ ఒక ఉద్యోగం ఉంది. కేర్ పని. నేనూ మా అమ్మకి ‘హాస్పిటల్ లాంటి చోట పార్ట్‌టైమ్’ అనే చెప్పాను. అది హాస్పిటలేమీ కాదు. లెస్టర్ పక్కన మామూలు వీధిలో మామూలు ఇల్లు. అందులో మేధో వైకల్యం ఉన్న, యాభై దాటిన ఒకాయన ఉండేవారు. పేరు రాయకూడదు కాబట్టి పెద్దాయన అంటాను.

ఈ పద్ధతిని అక్కడ సపోర్టెడ్ లివింగ్ అంటారు. మనకి తెలిసిన ఆశ్రమం లాంటిది కాదు. అద్దె ఒప్పందం పెద్దాయన పేరు మీదే ఉంటుంది. ఇంటి యజమాని వేరు, కేర్ కంపెనీ వేరు. కంపెనీ నచ్చకపోతే దాన్ని మార్చుకోవచ్చు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ కూడా మేం ఇచ్చే సేవనే చూస్తుంది గానీ ఇంటి మీద దానికి అజమాయిషీ లేదు, అది ఆయన సొంత కొంప కాబట్టి. లెక్కప్రకారం నేను బెల్లు కొట్టి, ఆయన రమ్మంటే లోపలికి వెళ్లాలి. నా జేబులో తాళంచెవి ఉండేది. బెల్లు కొట్టిన పాపాన పోలేదు.

నేను చేరింది 2011లో. ఆ ఏడాది మే నెలలోనే బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో ఇలాంటివాళ్లని సిబ్బంది కొట్టడం, ఈడ్చడం బీబీసీ పనోరమా రహస్య కెమెరాతో బయటపెట్టింది. మరుసటి ఏడాది పదకొండు మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లలో ఆరుగురు జైలుకెళ్లారు. మా ట్రైనింగులో ఆ సంగతి చెప్పినప్పుడు అందరం తలలు దించుకు కూర్చున్నాం. నేను దాన్నుంచి పట్టుకున్న నీతి మాత్రం ఇది: నేను కొట్టను, తిట్టను, కాబట్టి నేను మంచి కేరర్ని. పైగా మంచాన పడ్డ నాయనమ్మకి అన్నం కలిపి నోట్లో పెట్టినవాణ్ని. సేవ గురించి వీళ్లు నాకు నేర్పేదేముంది?

నా డ్యూటీ ఉన్న రోజున పెద్దాయన లేచేసరికి ఇస్త్రీ బట్టలు మంచం మీద ఉండేవి. ఏ చొక్కా అన్నది నేనే చూసేవాణ్ని, నాకు రంగులు బాగా కుదురుతాయని ఒక నమ్మకం. టోస్టుకి వెన్న రాసి, అంచులు తీసి, ముక్కలు కోసి, టీలో పాలూ పంచదారా కలిపి ముందు పెట్టేవాణ్ని. ఆయన చెయ్యాల్సిందల్లా నమలడం. తర్వాత మందుల చార్టులో సంతకం, డైరీలో ‘బాగా తిన్నారు, ప్రశాంతంగా ఉన్నారు’ అని గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం. ఆయన వంటింట్లోకి రాబోతే, అక్కడ కత్తులూ వేడి కెటిలూ ఉంటాయి కదా, భుజం మీద చెయ్యేసి నవ్వుతూ తీసుకెళ్లి హాల్లో కూర్చోబెట్టేవాణ్ని. పోను పోను తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను. ఊరికే గడియ, తాళం కాదు. మా మేనేజరు నా ఫైళ్లని కొత్తవాళ్లకి చూపించి ఇలా రాయాలి అనేది. నేను పక్కనే నిలబడి వినయం నటించేవాణ్ని.

2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం నాకు కంఠోపాఠం. పెద్దవాళ్లెవరికైనా తమ నిర్ణయం తాము తీసుకునే శక్తి ఉందనే మొదట అనుకోవాలి. తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ శక్తి లేదని తేల్చెయ్యకూడదు. అడ్డుకోక తప్పనప్పుడు కూడా, స్వేచ్ఛకి అతి తక్కువ కోత పడే దారి వెతకాలి. పరీక్షలో ఇవన్నీ రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆ చట్టానికీ ఆ వంటింటి గడియకీ ఏమైనా సంబంధం ఉందేమోనని ఒక్కనాడూ తట్టలేదు.

పెద్దాయన పొద్దుటిపూట తలుపు బాదడం మొదలుపెట్టారు. ముందు అరచేత్తో, తర్వాత నుదుటితో. ఇలాంటిది జరిగితే ఏబీసీ చార్టు నింపాలి. మూడే గళ్లు. ముందు ఏం జరిగింది, ఆయన ఏం చేశారు, తర్వాత ఏం జరిగింది. నేను శ్రద్ధగా నింపాను. రెండో గడిలో ఎంతసేపు బాదారు, ఎంత గట్టిగా బాదారు, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. మూడో గడిలో నేను ఎంత ఓర్పుగా సముదాయించానో కాస్త ఎక్కువగానే రాశాను. మొదటి గడిలో ప్రతిసారీ ఒకటే: ‘ఏమీ లేదు.’

నేషనల్ హెల్త్ సర్వీస్ టీమ్ నుంచి ఒక సైకాలజిస్టు వచ్చింది. మందులు పెంచుతారేమోనని నా ఆశ. ఆవిడ ఆ కాగితాలన్నీ భోజనాల బల్ల మీద వరసగా పరిచి, మొదటి గడి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి చదువుకుంటూ పోయింది. చదవడానికి అక్కడేముంది గనక! చివరికి తలెత్తి, ఆ టైములో నువ్వెక్కడున్నావు అని అడిగింది.

వంటింట్లో, ఆయనకి బ్రేక్‌ఫాస్ట్ చేస్తున్నా అన్నాను. కొంచెం గర్వంగానే.

తలుపు వేసుందా?

వేసుంది. అది రోజూ ఉండేదే కదండీ.

ఆవిడ ఇంకేమీ అనలేదు. పెన్ను నా వైపు జరిపింది. నాకు వెంటనే అర్థమైపోయిందని చెబితే బాగుంటుంది గానీ, అర్థం కాలేదు. కెటిల్ గురించి, కాలిన గాయాల గురించి, కంపెనీ మీద కేసుల గురించి మాట్లాడాను. ఆయన ఎప్పుడైనా చెయ్యి కాల్చుకున్నారా అని అడిగింది. లేదన్నాను. ఎప్పుడైనా కెటిల్ పట్టుకోవడం చూశావా? చూడలేదు. నేను పట్టుకోనిస్తే కదా చూడ్డానికి! అప్పుడు చూశాను నా దస్తూరీని. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఆ గడిలో ఉండాల్సింది నేను. ఇంటాయన్ని హాల్లో కూర్చోబెట్టి, ఆయన వంటింట్లో గడియ పెట్టుకుని, ఆయన రొట్టెకి వెన్న రాసుకుంటున్నవాణ్ని. చెవులు వేడెక్కాయి. పక్కగదిలో టీవీ వినపడుతోంది. ఆ చానల్ పెట్టింది కూడా నేనే.

ఆ తర్వాత పెద్దాయన చెల్లెల్ని అడిగితే తెలిసింది, ఫైల్లో ఒక్క ముక్కలో ఉన్న సంగతి. ఆయన చిన్నప్పటి నుంచి ముప్ఫై దాటేదాకా ఊరవతల పెద్ద ఆస్పత్రిలోనే పెరిగారు. బ్రిటన్‌లో అలాంటివి చాలా ఉండేవి, ఎనభైల్లో, తొంభైల్లో ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడ భోజనం బండి మీద వార్డుకి వచ్చేది. ఆయన వంటిల్లనేది చూసిందే బయటికొచ్చాక. కొత్తింట్లో మొదట్లో ఊరికే ఫ్రిజ్ తలుపు తీసి చూసి మళ్లీ వేసేవారట.

కెంట్ యూనివర్సిటీలోని టిజార్డ్ సెంటర్‌లో జిమ్ మాన్సెల్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్లు ఈ ఇళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇల్లు బాగున్నంత మాత్రానా, సిబ్బంది ఎక్కువమంది ఉన్నంత మాత్రానా మనిషి బతుకు మారదని, ఆ సిబ్బంది అతనితో కలిసి పనిచేస్తున్నారా, అతని బదులు చేసేస్తున్నారా అన్నదే తేడా అని తేల్చారు. అలా కలిసి చేసే పద్ధతి పేరు యాక్టివ్ సపోర్ట్. సైకాలజిస్టు మాకు నేర్పింది అదే. కెటిల్‌ని ఎత్తక్కర్లేకుండా వంచే స్టాండు ఒకటి తెచ్చాం. కప్పుకి సరిపడా నీళ్లే పోసి పెట్టేవాళ్లం. ఐదు నిమిషాల పని అరగంట పట్టేది. వెన్న రాస్తుంటే రొట్టెకి చిల్లు పడేది. నేను చేతులు వెనక్కి కట్టుకు నిలబడేవాణ్ని. అన్నం కలిపి పెట్టడం కన్నా అదే కష్టమని అప్పుడు తెలిసింది.

కంపెనీలో అందరికీ ఇది నచ్చలేదు. ఆయనకి పనులొచ్చని తెలిస్తే సేవకి డబ్బిచ్చే కౌన్సిల్ వాళ్లు రివ్యూలో గంటలు తగ్గించేస్తారని ఒకాయన గొణిగాడు. ఆ భయం ఉత్తదేం కాదు. తలుపు బాదడం బాగా తగ్గింది గానీ, కొన్నాళ్లకి మళ్లీ మొదలైంది. అప్పటికి వంటింటి తలుపు తెరిచే ఉంటోంది. ఈసారి మొదటి గడిలో ‘టోస్టు ఒకవైపే నమిలారు’ అని రాశాను. డెంటిస్టుకి చూపిస్తే దంతం పుచ్చి ఉంది. పాత నేనే అయితే ఆ గడి ఖాళీగా ఉండేది, ఆయన నుదురు వాచేది.

2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెషైర్ వెస్ట్ కేసులో తీర్పిచ్చింది. బంగారు పంజరమైనా పంజరమేనని న్యాయమూర్తి లేడీ హేల్ అందులో రాశారు. ఇలాంటి ఇళ్లలో మనిషి స్వేచ్ఛ తీసెయ్యాలంటే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనుమతి ఉండాలి. ఆ తీర్పు మీద క్లాసు చెప్పింది నేనే. గడియ సంగతి కూడా చెప్పాను. అందరూ నవ్వారు. వాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో ఏ గడియలున్నాయో!

ఇంత జ్ఞానంతో సెలవుకి గుంటూరు వెళ్లాను. మా పెద్దమ్మ కూతురికి డౌన్ సిండ్రోమ్, నాకన్నా పెద్దది. పెద్దమ్మ ఇప్పటికీ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. అక్కని తనే తిననీ, పనులు చేసుకోనీ అని లెక్చరిచ్చాను. పెద్దమ్మ చెయ్యి ఆపకుండానే అంది: “నువ్వు జీతానికి చేసి నేర్చుకున్నావు రా. నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారో అది చెప్పు ముందు.”

చెప్పలేకపోయాను. తర్వాత కనుక్కుని చెప్పాను: మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు ఉండే జిల్లా కమిటీ ద్వారా గార్డియన్‌ని పెట్టుకోవచ్చు. జీవితాంతం ఉండేందుకు ఘరౌందా అనే పథకం ఉంది. పెద్దమ్మ విని, ఆ ఇల్లు మనూళ్లో చూపించు అంది. గార్డియన్ కాగితాల పని మాత్రం మొదలుపెట్టాం. మిగతాదానికి ఆవిడ ఒప్పుకోలేదనే అనుకుంటున్నా, మొన్న ఫోన్ వచ్చేదాకా.

“మీ అక్క మూత పెట్టకుండా మిక్సీ వేసింది. గోడంతా కొబ్బరి పచ్చడే. నేర్పమన్నావుగా, వచ్చి తుడువు.”