పాత పాటకు వయసెంత?

పాత పాటలు అనగానే మీకు ఎవరి గొంతు గుర్తొస్తుంది? నాగయ్యా, ఘంటసాలా, బాలూనా? జవాబును బట్టి మీ వయసు చెప్పేయొచ్చు. చిన్నప్పుడు ఏ స్టేషన్ విన్నారో కూడా చెబితే మీ ఊరు ఏ వైపుందో కూడా చెప్పేయొచ్చు!

మాది చిత్తూరు జిల్లా వెంకటగిరికోట. వి.కోట అంటేనే ఎక్కువ మందికి తెలుస్తుంది. ఒక దారిన పోతే కర్ణాటక, ఇంకో దారిన పోతే తమిళనాడు. సంతలో బేరాలు మూడు భాషల్లో సాగుతాయి. మా ఇంట్లో రేడియో కూడా అంతే. ముల్లు ఇటు తిప్పితే బెంగళూరు, అటు తిప్పితే మద్రాసు, ఓపిగ్గా వెతికితే కడప. కడప కేంద్రం 1963లో మొదలైంది. దాని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ 100 కిలోవాట్లది. బెంగళూరు, మద్రాసులవి 200 కిలోవాట్లవి. అందుకే తెలుగువాళ్ల ఇంట్లో తెలుగు కంటే కన్నడం, తమిళమే గట్టిగా మోగేవి. పొద్దుగూకాక ఇంకో విడ్డూరం. పగలు ఈ తరంగాలను మింగేసే ఆకాశపు పొర రాత్రికి పలచబడుతుంది. అప్పుడు విజయవాడ కూడా గాలిలో ఊగుతూ వచ్చి పలకరించేది.

మూడు స్టేషన్లలోనూ పాత పాటలు వేసేవాళ్లు. కానీ ఒకరి ‘పాత’ ఇంకొకరి ‘పాత’ కాదు. కడపలో ఘంటసాల, మద్రాసులో టి.ఎం.సౌందరరాజన్, బెంగళూరులో రాజ్‌కుమార్‌కు పాడిన పి.బి.శ్రీనివాస్. ఈ పి.బి.శ్రీనివాస్ పుట్టింది మన కాకినాడలోనే! అయినా కన్నడిగులు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నంతగా మనం పెట్టుకోలేదు. 1974లో ‘సంపత్తిగె సవాల్’ నుంచి రాజ్‌కుమార్ తన పాటలు తానే పాడుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మెల్లమెల్లగా బెంగళూరు వాళ్ల పాత పాటల్లో ఆయన గొంతూ వచ్చి చేరింది.

ఎ.ఎం.రాజా సంగతి ఇంకా దగ్గరిది. ఆయన మా జిల్లాలోనే పుట్టాడు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో ఎన్టీఆర్‌కు పాడాడు. అదే సినిమా తమిళంలో జెమినీ గణేశన్‌కూ పాడాడు. ఒకే గొంతు, రెండు భాషలు. 1959లో తమిళ ‘కల్యాణ పరిసు’కు, మరుసటి ఏడాది తెలుగు ‘పెళ్లికానుక’కు సంగీతం కూడా ఆయనదే. మా ఇంట్లో మద్రాసు పెడితే రాజా తరచూ పలికేవాడు. తెలుగు స్టేషన్లలో మాత్రం ఆ రెండు మూడు పాటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. సొంత జిల్లావాడి గొంతు కోసం మా నాయన అరవ స్టేషన్ పెట్టుకోవాల్సి వచ్చేది!

అసలు ఏ పాట మోగాలో ఎవరు చెప్పాలి? 1952లో కేంద్ర మంత్రి బి.వి.కేస్కర్ కాలంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలే మాయమయ్యాయి. జనం ఊరుకుంటారా? ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పేశారు. ఆ ఏడాదే అక్కడ అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. ఆ తర్వాత శ్రోతల ఉత్తరాలకూ విలువొచ్చింది. ఒక్కో పాటకు ముందు చదివే ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు గుర్తున్నాయి కదూ!

ఊరిని బట్టే కాదు, కాలాన్ని బట్టి కూడా ఈ జాబితా జరుగుతూ ఉంటుంది. మా అవ్వకు పాత పాటంటే 1946 నాటి ‘త్యాగయ్య’లో నాగయ్య పాడినది. మా నాయనకు ఘంటసాల. నాకు ‘శంకరాభరణం’ రోజులు. మా అమ్మాయికి 1990ల పాటలు కూడా పాతవే. ఓసారి అలాంటి పాటొకటి ‘పాత బంగారం’ అంటూ వస్తే మా నాయన నవ్వేశాడు. “ఇదెప్పుడు పాతదైందిరా? నిన్నగాక మొన్న వచ్చిన పాట గదా!”

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ 1980లలో ‘క్లాసిక్ రాక్’ స్టేషన్లు మొదలైనప్పుడు 1960, 70ల పాటలే వేసేవాళ్లు. ఇప్పుడు 1991లో వచ్చిన నిర్వాణా పాటలు కూడా ఆ కోవలో చేరాయి. పాటల ముక్కలు కొన్ని సెకన్లపాటు వినిపించి శ్రోతలతో మార్కులు వేయించే పద్ధతి ఒకటుంది. మార్కులు తగ్గితే పాట జాబితాలోంచి జారిపోతుంది. జారిపోయిన పాటను కొత్తవాళ్లు వినరు. విననిదాన్ని అడగరు. అడగలేదు కాబట్టి వేయరు. నాగయ్య పాటకు పట్టిన గతి ఇదే. నచ్చక పోలేదు, వినపడక పోయింది.

దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం, రేడియో సిటీ, 2001లో బెంగళూరులోనే వచ్చింది. మొదట్లో అక్కడ హిందీ, ఇంగ్లిష్ పాటల జోరు. తర్వాత కన్నడానికి చోటు పెరిగింది. వినేవాళ్లు ఎవరైతే పాట వాళ్లదవుతుంది మరి. కానీ ఎఫ్‌ఎం మీడియం వేవ్‌లా కొండలు దాటి రాదు. ఊరి పొలిమేరల్లోనే ఆగిపోతుంది. పక్క రాష్ట్రపు పాట అడగకుండానే మా ఇంట్లోకి వచ్చే రోజులు అలా తగ్గిపోయాయి.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. ఏ పాట కావాలన్నా దొరుకుతుంది, పేరు తెలిస్తే! చిక్కంతా అక్కడే. మా నాయనకు ఎనభై దాటాయి. ‘విప్రనారాయణ’లో రాజా పాటలు ఆయన చెబితేనే మా అమ్మాయికి తెలిశాయి. వెంటనే ఫోనులో వెతికి పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, వేళ్లతో మంచంపట్టె మీద తాళం వేస్తూ విన్నాడు. ఆయన చెప్పకపోయి ఉంటే ఏ ఫోనూ దానంతటదే మా పిల్లకు ఆ పాట వినిపించి ఉండదు.

మీ ఇంట్లోనూ అలాంటి పాటల పేర్లు తెలిసినవాళ్లు ఒకరుంటారు. ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని అడిగి, రాసి పెట్టుకోండి. ఆ జాబితా ఏ స్టేషన్‌లోనూ దొరకదు.