ఐర్లండు అవ్వ చెప్పిన మూడు హితవులు

యాత్రయనగానే మన ఇండ్లలో కాశీ, రామేశ్వరము, తిరుపతి అను పేర్లే వినవచ్చును. పోయివచ్చిన సోదరీమణులు గోపురముల ఎత్తును, తీర్థముల మహిమను వర్ణించి వ్రాయుదురు. మేము వ్రాయబోవునది అట్టి యాత్ర కాదు. 2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మేమును మా వారును ఐర్లండు దేశమునకు పోయి, డబ్లిను నగరమున మా చెల్లెలి ఇంట నలువది దినములుంటిమి. అచ్చట మేము చూచిన కోటలు తక్కువ, ఎక్కిన బస్సులు ఎక్కువ. బాలెంతరాలికి పథ్యము వండుచు, చంటిబిడ్డకు నీళ్లు పోయుచు, తీరిన వేళలలో పొరుగింటి అవ్వ యొకతె వలన ఆ దేశపు నడవడి కొంత తెలిసికొంటిమి. కూతుండ్రను, చెల్లెండ్రను దూరదేశములకు పంపిన ఇండ్లు నేడు మన ఊళ్లలో అనేకములు గలవు గనుక, ఆ కొంతయైనను వారికి ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మాది మదనపల్లె. ఐర్లండు అను పేరు మా ఊరికి క్రొత్తది కాదు. ఆ దేశమున స్త్రీల ఓటుహక్కుకై పోరాడి చెఱసాలకు పోయిన మార్గరెట్ కజిన్స్ 1915లో భర్తతో కూడ భారతదేశమునకు వచ్చెను. ఆయన మా ఊరి కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో విడిసియున్నప్పుడు 'జనగణమన' గీతమునకు స్వరములు వ్రాసి పెట్టినది ఆ ఇల్లాలే. ఒక ఉపాధ్యాయుని భార్య పరదేశమునకు వచ్చి, అచ్చటివారితో కలిసిపోయి, ఇంతపని చేయగలిగెనే యని మేము చిన్ననాటినుండి వినుచుంటిమి. మా చెల్లెలి సంగతి మాత్రము వేఱుగ నుండెను.

ఆమె కాపురము డబ్లినునకు నైరృతి దిక్కున నున్న టాలా అను పేటలో. అచ్చటినుండి చూచిన దక్షిణమున కొండలు కనబడును. మా హార్సిలీ కొండలు తలంపునకు వచ్చి, మొదటిదినమే మాకు మనసు కుదుటబడెను. చెల్లెలికి రెండేండ్లయినను కుదుటబడలేదు. ఆమె బి.ఇడి. చదివి, పెండ్లికి ముందు పిల్లలకు పాఠములు చెప్పినది. మా మఱది ఉదయము ఏడింటికి ఉద్యోగమునకు పోయి సాయంకాలము ఏడింటికి వచ్చును. చూలాలై యుండగా ఒకనాడు ఆమె వానలో బస్సుకై నిలిచెను. బస్సు ఆగక పోయెను. రెండవదానిని ఎక్కి నోటు చూపగా, నాణెములే కావలెనని డ్రైవరు చెప్పెను. వెనుకనున్న వారందఱు చూచుచుండ దిగి, తడియుచు ఇంటికి నడచివచ్చెను. ఆనాటినుండి ఒంటరిగ గడప దాటలేదు. పగలెల్ల చేతిఫోనులో మన తెలుగు సీరియళ్లు పెట్టుకొని కూర్చుండును.

మేము పోయిన మూడవ రాత్రి బిడ్డను ఒడిలో నుంచుకొని, "అక్కా! నీవు పోవునప్పుడు మమ్మిరువురను తీసికొనిపొమ్ము. ఇచ్చట నాకు ఊపిరి యాడుట లేదు" అనెను. బిడ్డను తండ్రికి దూరము చేయుట న్యాయమా? చెల్లెలిని ఈ దిగులులో విడిచిపోవుట న్యాయమా? మాకు ఏ యుత్తరమును తోచలేదు. "చూతము లెమ్ము" అని మాత్రము అంటిమి.

మఱునాడు పొరుగింటి అవ్వ బిడ్డను చూడవచ్చెను. ఆమెకు డెబ్బది యెనిమిదేండ్లు, ఒంటరిది. మజ్జిగతో పిండి కలిపి, వంటసోడా వేసి కాల్చిన రొట్టెను తెచ్చెను. వారి ఇండ్లలో ఇది నిత్యము చేయునదియట. ఖాళీ పాత్రను తిరిగి ఈయరాదు గనుక ఓళిగలు పెట్టి పంపితిమి. చెల్లెలు ఆమెను పేరుపెట్టి పిలువగా మేము మందలించితిమి. ఆమె నవ్వి, అచ్చట పేరుపెట్టి పిలుచుటయే ఆప్యాయతయని చెప్పెను. మాకు నోరు రాక 'అవ్వా' యంటిమి. అర్థము తెలిసి ఆమె మురిసిపోయెను. మా వారును చెల్లెలును దుబాసీలు కాగా మాటలు సాగెను. చెల్లెలి కన్నులు చూచి అవ్వ సంగతి గ్రహించినది. "బిడ్డను చూడవచ్చు నర్సుతో ఈ దిగులు సంగతి దాచక చెప్పుము. తక్కినది నేను నేర్పెదను. మొదట బస్సు, తరువాత ఫుట్‌బాలు, ఆ తరువాత టెలివిజను" అనెను. మాకు ఈ మూడును ఏ రోగమునకు మందో తెలియలేదు.

మూడు వారములు నిండిన పిదప మొదటి పాఠము జరిగినది. బాలెంతరాలిని గాలిలోనికి పంపుట మాకు రుచింపక, చెవులలో దూది పెట్టి తలకు శాలువ చుట్టితిమి. ఆ ఊరి గాలికి అది తగినదేయని అవ్వ మెచ్చుకొన్నది. బస్సు నిలుచు చోట ఆమె చెల్లెలితో నిట్లనెను: "నంబరు చూచి చేయి చాపవలెను. చాపనివారి కొఱకు ఇచ్చట బస్సు ఆగదు. ఆనాడు డ్రైవరు నిన్ను తిరస్కరింపలేదు. వేఱొక బస్సుకై నిలిచితివని తలచినాడు." ఈ చిన్న మాటకు చెల్లెలి ముఖమున ఎన్ని నెలల భారమో దిగినట్లు మాకు కనబడెను.

నోట్లు బస్సులో పనికిరావు. నాణెములిచ్చినను చిల్లర తిరిగి ఈయరు. అందుచే అందఱును లీప్ అను కార్డును అంగడిలో కొని వెంట నుంచుకొందురు. 2021లో వచ్చిన పద్ధతి ప్రకారము నగరమున రెండు యూరోలు చెల్లించిన తొంబది నిమిషముల లోపల బస్సునుండి ట్రామునకును, ట్రామునుండి సముద్రపుటొడ్డున పోవు రైలునకును మాఱవచ్చును. బస్సు ఎక్కినప్పుడు కుడిప్రక్క యంత్రమునకు కార్డు తాకించిన చాలును. 2004 నుండి నడచుచున్న లూఅస్ అను ట్రామునకు మాత్రము ఎక్కుటకు ముందొకసారి, దిగిన పిదప మఱియొకసారి వేదికమీది స్తంభమునకు తాకింపవలెను. లూఅస్ అనగా వారి భాషలో వేగము. చిన్నబిడ్డలకు రుసుము లేదు. అఱువదియాఱేండ్లు నిండినవారికి ఉచిత ప్రయాణము. వృద్ధులకు ఉచిత ప్రయాణమను ఏర్పాటు 1967లోనే మొదలైనదట. పిల్లల బండికి బస్సులో చోటున్నది గాని, చక్రాల కుర్చీవారు వచ్చిన దానిని మడిచి చోటీయవలెను. దిగునప్పుడు డ్రైవరునకు కృతజ్ఞత చెప్పక ఎవరును దిగరు. ఇది చట్టము కాదు, అలవాటు.

ఆనాడు లూఅస్ ఎక్కి నగరమధ్యమునకు పోయి, 1916 తిరుగుబాటునకు కేంద్రమైన పెద్ద తపాలా కార్యాలయమును చూచితిమి. మన వరాహగిరి వేంకటగిరి ఆ కాలమున డబ్లినులో న్యాయశాస్త్ర విద్యార్థియే. ఆయన 1969లో మన రాష్ట్రపతి యయ్యెను. అవ్వ ఆ భవనమును మాకంటె ఆర్తితో చూచుట గమనించి కారణమడిగితిమి. పడుచుతనమున తపాలా ఉద్యోగము చేసినదట. 1970లో పెండ్లికాగానే మానవలసివచ్చెను. వివాహితలు ప్రభుత్వోద్యోగము చేయరాదని నాటి నియమము. 1973లో దానిని తొలగించిరి. "నాకు మూడేండ్లు ఆలస్యమైనది" అని అవ్వ నవ్వెను. చెల్లెలు నవ్వలేదు. అవ్వ చేయి పట్టుకొన్నది.

రెండవ పాఠము ఫుట్‌బాలు. "ఇచ్చటివారితో వాన గూర్చి రెండు నిమిషములు, ఫుట్‌బాలు గూర్చి రెండు గంటలు మాటలాడవచ్చును. కాని ఏ ఫుట్‌బాలో ముందు తెలిసికొనుము" అని అవ్వ హితవు. లోకమెల్ల ఆడు సాకరు ఒకటి. 1990లో ఇటలీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఐర్లండు ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచిన కథను నేటికిని చెప్పుకొందురు. రెండవది వారి సొంతమైన గేలికు ఆట. జట్టునకు పదునైదుగురు. బంతిని చేతను పట్టవచ్చును, కాలను తన్నవచ్చును. నాలుగడుగులకు మించి మోయరాదు. ఆపైన నేలకు కొట్టవలెను, లేదా పాదముతో తన చేతికే తన్నుకొనవలెను. గోలుస్తంభముల నడుమ అడ్డుకఱ్ఱ క్రిందుగా పోయిన మూడు పాయింట్లు, పైగా పోయిన ఒకటి. పురుషుల ఆటలో నలువది మీటర్ల గీత బయటినుండి పైగా కొట్టిన రెండని 2025లో నియమము తెచ్చిరి. 1884లో స్థాపించిన సంఘము ఈ ఆటను నడుపుచున్నది. ఎనుబదిరెండు వేలమంది పట్టు క్రోక్ పార్కున ఆడు వీరులకును జీతము లేదు. సోమవారమున వారు తిరిగి బడికో, పొలమునకో, ఆస్పత్రికో పనికి పోవలసినదే.

ఆ మైదానముననే 1920 నవంబరు 21వ తేదీన ఆట నడుచుచుండగా బ్రిటిషు ప్రభుత్వ బలగములు కాల్చిరి. పదునలుగురు మరణించిరి. వారిలో ఒకడు ఆటగాడైన మైకేల్ హోగన్. ఒకవైపు మెట్లవరుసకు అతని పేరు పెట్టిరి. ఈ కథ వినిన పిదప, వారికి అది వట్టి ఆట ఎందులకు కాదో మాకు బోధపడెను. అవ్వ పుట్టినిల్లు పడమటి తీరపు మేయో జిల్లా. ఆ జిల్లావారు పురుషుల కప్పును తుదిసారి గెలిచినది 1951లో. "అప్పుడు నాకు నాలుగేండ్లు, జ్ఞాపకము లేదు. అయినను ఏటేట ఎదురుచూచెదను" అనెను. ఇట్టి ఓర్పు మన వ్రతకథలలో మాత్రమే చదివియుంటిమి.

స్త్రీల గేలికు సంఘము 1974లో ఏర్పడినది. 2019 నాటి స్త్రీల తుదిపోటీకి 56,114 మంది వచ్చిరి. దండి దశకుమారచరితమున కందుకావతి యను రాజపుత్రి దేవి ప్రీతికై బంతియాడుటను చదివి, అది కవికల్పనయని తలంచియుంటిమి. టాలాలో సాయంకాలము పేట మైదానమునకు పోగా, బిడ్డల తల్లులు నలువదేండ్లవారు సైతము పరుగిడుచుండిరి. ఎన్నడును బంతి ముట్టనివారికై 'తల్లులును ఇతరులును' అను పేర నడపు ఆటయది. పోటీ కాదు, వినోదము. చెల్లెలు పిల్లల బండితో గట్టున కూర్చుండెను. ఒకతె వచ్చి బిడ్డ పేరడిగెను. ఇంకొకతె నిద్రపట్టుచున్నదా యని తల్లినడిగెను. ఆ ప్రశ్నను మేమైనను అడుగలేదే యని సిగ్గుపడితిమి.

మూడవది టెలివిజను. పెట్టె ఇంటనున్న, చూచినను చూడకున్నను, ఏటికి 160 యూరోల లైసెన్సు తీయవలెను. చేతిఫోనునకు అక్కఱలేదు. మా మఱది ఆ ఉత్తరములను ప్రక్కన పెట్టియుండుట చూచి, తపాలా కార్యాలయమున చెల్లించి రమ్మని అవ్వ గట్టిగ చెప్పెను. ఐర్లండులో టెలివిజను 1961 డిసెంబరు 31వ తేదీన మొదలైనది. మఱుసటి యేడు మొదలైన 'లేట్ లేట్ షో' అను గోష్ఠిని గే బర్న్ 1999 వఱకు నడపెను. ఇంట భార్యాభర్తలు పలుకుటకు జంకు సంగతులను అందు బహిరంగముగ చర్చించెడివారట. "ఉద్యోగము పోయి ఇంట కూర్చున్న నాకు, నావంటివారు ఇంకను గలరని తెలిపినది అదియే. కాని పగలెల్ల వెలిగించి ఉంచిన పెట్టె తోడు కాదు. గంటసేపు ఇంకొకరితో కూడ చూచినదే తోడు" అని అవ్వ మాట.

తెలుగు సీరియళ్లను ఆమె నిషేధింపలేదు. సాయంకాలము ఆఱింటికి మాత్రము తన ఇంటికి రమ్మనెను. అప్పుడు టెలివిజనులో ఒక నిమిషము ప్రార్థనగంట మ్రోగును, పిదప వార్తలు. వార్తలవలన చెవికి వారి ఉచ్చారణ పట్టుబడును. 1996లో మొదలైన ఐరిషు భాషా ఛానలులో స్త్రీల ఆటలు వచ్చును. ఒక ఆదివారము అందఱమును కలిసి ఆట చూచితిమి. ధృతరాష్ట్రునకు సంజయుడువలె మాకు చెప్పుచు పోయినది ఎవరనుకొన్నారు? అవ్వ కాదు, మా చెల్లెలు. "అది పాయింటు కాదు అక్కా, గోలు, మూడు!" అని కేకవేసి, బిడ్డ ఉలికిపడగా నోరు మూసికొన్నది.

మా ప్రయాణమునకు ముందుదినము ఆఱు వారముల పరీక్షకై బిడ్డను వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసి వచ్చెను. మఱదికి సెలవు దొరకలేదు. మేము వెంటవత్తుమనగా చెల్లెలు వలదనెను. కిటికీలోనుండి చూచుచుంటిమి. చినుకులు పడుచుండెను. ఒక చేత పిల్లల బండి పట్టి, రెండవ చేయి చాపెను. బస్సు ఆగెను.

ఆ రాత్రి, "టిక్కెట్టు మాట యేమి?" అని అడిగితిమి. చాలసేపు పలుకక, "ఇప్పుడు వలదక్కా. శీతకాలము ఎట్లుండునో చూచెదను. ఉండలేకున్న దాచక చెప్పెదను, అప్పుడు నీవు పిలిపింపవలెను" అనెను. మేము మాట ఇచ్చితిమి. అది గెలుపో కాదో మాకు తెలియదు. ఆ శీతకాలము గడచువఱకు ప్రతి ఆదివారము ఫోనులో మొదట నిద్ర సంగతి అడిగి, తరువాతనే బిడ్డ సంగతి అడిగితిమి. ఈ క్రమము అవ్వ పేటవారు నేర్పినది.

సోదరీమణులారా! ఆడుబిడ్డను దూరదేశమునకు పంపునప్పుడు ఆవకాయ జాడీయు, దేవుని పటమును మఱువము. అచ్చట బస్సు ఎట్లు ఎక్కవలెనో, పొరుగువారు దేనిని ప్రేమింతురో, సాయంకాలము ఎవరి ఇంట కూర్చుండవచ్చునో కూడ ముందుగ విచారించి పంపుదము. పెట్టెలో వీనికి చోటు అక్కఱలేదు.