సెల్లార్‌లో నీళ్లు, ఓపీలో రోగులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒకప్పుడు ఇంటి కింద ఏదైనా ఉందంటే అది ధాన్యం దాచే పాతరే. ఇప్పుడు మెయిన్ రోడ్డు పక్కన రెండు వందల గజాల జాగా దొరికితే చాలు, కింద సెల్లారు తవ్వుతారు, పైన షట్టర్లు దించుతారు, ఆపైన ఇల్లు కట్టుకుంటారు. సెల్లారు లేని ఇంట్లోనూ సంపు తప్పదు. ఈ మూడు ఊళ్ల నుంచీ రోగులు వచ్చే ఒక జనరల్ ఫిజీషియన్ సూర్యాపేటలో ఉన్నారు. వానాకాలం వస్తే జ్వరం ఎన్నాళ్లుగా ఉందని అడిగాక ఆయన ఇంకో ప్రశ్న వేస్తారు: "మీ ఇంటి కింద ఏముంది?" తలనొప్పి అని వచ్చినవాళ్లు ఆ మాటకు నవ్వుతారు. ఆయన నవ్వరు. సెల్లారులో చేరిన నీళ్ల వల్ల జరిగే కీడు కన్నా, ఆ నీళ్లను తోడే తొందరలో జరిగే కీడే ఆయన ఎక్కువ చూశారు.

మిర్యాలగూడ వైపు సెల్లార్లకు వాన అక్కర్లేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట మాగాణి అయింది, దాంతోపాటే కాలువ పారే నెలల్లో బావుల్లో మట్టం లేవడం మొదలైంది. చుట్టూ పొలాలు నిండుగా ఉంటే ఊళ్లో తవ్విన గొయ్యికి మాత్రం మినహాయింపు ఉంటుందా? పొలం జాలు పట్టితే రైతు గట్టు పక్కన కాలువ తీసి నీళ్లు దించేస్తాడు. అదే రైతు ఊళ్లో ఇల్లు కట్టుకుంటే మాత్రం సెల్లారు గోడకు లోపలి నుంచి పుట్టీ పెట్టిస్తాడు!

అలాంటి ఇంటి నుంచే ఒక నడివయసు ఆవిడ ఆయాసంతో వచ్చింది. ఇన్‌హేలర్ వాడుతోంది, పద్ధతిగానే వాడుతోంది. ఊరెళ్తే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్లీ పిల్లికూతలు. కింద బియ్యం బస్తాలు, పాత పరుపులు, గోడ మీద తెల్లగా ఉప్పు, మూలల్లో నల్లటి బూజు. "ఏటా దసరాకు రంగులేపిస్తున్నం సార్" అన్నాడు భర్త. చెమ్మ గోడకు రంగు వేయడమంటే టైఫాయిడ్‌కు పారాసిటమాల్ బిళ్లతో సరిపెట్టడమే. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఆస్తమా ముదురుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత బూజు దాకా ఫరవాలేదని అందులో ఏ లెక్కా లేదు, అసలు చెమ్మే చేరనీయొద్దని ఉంది. అందుకే డాక్టరు ఆ భర్తను డాబా మీది వాననీటి గొట్టం ఎక్కడ పడుతోందో చూసి రమ్మన్నారు. అది సరిగ్గా సెల్లారు గోడ మొదట్లోనే పడుతోంది. గొట్టాన్ని రోడ్డు కాలువ దాకా పొడిగించారు. గోడ వెంట నేలను బయటికి వాలు చేశారు. పరుపులు పారేసి, బస్తాలను పైకి చేర్చారు. ఊట పూర్తిగా ఆగలేదు గానీ, అర్ధరాత్రి నెబ్యులైజర్ కోసం పరుగెత్తాల్సిన అవసరం తప్పింది.

కోదాడ సంగతి వేరు. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన కుండపోతకు పట్టణంలో కార్లు కొట్టుకుపోయాయి, ఇద్దరు చనిపోయారు. మర్నాడు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి వాన వెలిసిన మర్నాడు ఊళ్లో ఎటు చూసినా మోటర్ల మోతే.

అలా ఓ వాన తర్వాత కోదాడ నుంచి ఒక కుర్రాణ్ని తెచ్చారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గోడకున్న బోర్డులో మోటర్ ప్లగ్గు పెట్టబోయాడు. వైరు జాయింటు నీళ్లలోనే ఉంది, దాని మీద టేపు చుట్టామన్నది వాళ్ల ధీమా. అన్న పైకి పరుగెత్తి మెయిన్ దించబట్టి బతికాడు. అరచేతిలో రూపాయి బిళ్లంత కాలిన మచ్చ తప్ప పైకి ఏమీ లేదు. అయినా గుండె లయ తప్పుతుందేమోనని ఆ రాత్రంతా ఈసీజీ మానిటర్ కిందే ఉంచారు. తడిసిన చర్మానికి నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. 230 వోల్టులు తగిలితే ఒంట్లో దాదాపు 230 మిల్లీ యాంపియర్లు పారతాయి. గుండె గతి తప్పడానికి వంద చాలు. "ఎంసీబీ ఉంది కద సార్" అన్నాడు అన్న. అది వైర్లను కాపాడేది. మనిషి ఒంట్లోంచి పారే ఆ కాస్త కరెంటు దానికి లెక్కే కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ యాంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ. గ్రానైట్ మెట్లకు పెట్టిన ఖర్చులో అదెంత? మీటరు బోర్డు సెల్లార్లోంచి పైఅంతస్తుకు మార్చడం ఇంకా మంచిది, అప్పుడు మెయిన్ ఆపడానికి ఎవరూ నీళ్లలో దిగనక్కర్లేదు.

కరెంటు పోతే కథ ఇంకో దారి పడుతుంది. పైపు పొడవు చాలక పెట్రోల్ ఇంజన్నే సెల్లారులోకి దించారు ఒకచోట. గంట గడిచేసరికి ఇద్దరికి తలనొప్పి, వాంతులు. రాత్రి తిన్న బిర్యానీదే తప్పని తేల్చేశారు. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 99 చూపింది. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఆ అంకెను నమ్మకూడదు. ఆ వాయువు పట్టిన రక్తాన్నీ, ఆక్సిజన్ నిండిన రక్తాన్నీ ఆ క్లిప్పు వేరు చేయలేదు. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలిలో అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. వాళ్లిద్దరూ సాయంత్రానికి లేచి కూర్చున్నారు. ఇంజన్ బయటే ఉండాలి, పైపే లోపలికి పోవాలి.

కిందున్న పొగ కిందే ఉండదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన మంటల పొగ మెట్ల మీదుగా పై లాడ్జీలోకి ఎక్కింది, ఎనిమిది మంది చనిపోయారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సామాన్లకు, పార్కింగుకు అనుమతి ఉన్న బేస్‌మెంట్‌ను లైబ్రరీ చేస్తే, వాననీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు పోయారు. మన ఊళ్ల సెల్లార్లలో ట్యూషన్లు నడవడం లేదా?

డెంగీ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అయితే అపార్ట్‌మెంట్ వాళ్లు పూలకుండీలన్నీ బోర్లించి, లిఫ్టు గుంటలో నిలిచిన నీటిని మరిచిపోతారు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

ఇక సంపు. కొత్తగా కట్టిన సంపులోకి సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగిన కూలీ లేవడు, అతన్ని లాగబోయిన రెండోవాడూ లేవడు. మూత వేసి వారాల తరబడి వదిలేసిన ఆ చెమ్మలో చెక్క కుళ్లుతూ గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. 21 శాతం ఉండాల్సింది పదికి దిగువకు పడితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. వాసన రాదు కాబట్టి అనుమానమూ రాదు. పాతకాలంలో బావిలో దిగేముందు లాంతరు దించి చూసేవారు. అది వెలిగినంత మాత్రాన భరోసా లేదు, మురుగు గ్యాసు చేరేచోట దించితే అంటుకుంటుంది కూడా. ముందురోజే మూతలన్నీ తీసి, బ్లోయర్‌తో గాలి కొట్టి, దిగేవాడి నడుముకు తాడు కట్టి, తాడు కొస పట్టుకుని పైన ఇద్దరుండాలి. పడిపోతే వెంట దూకకుండా తాడు లాగి, 101కి ఫోన్ చేయాలి.

ఇదంతా ఒక మేస్త్రీకి చెబితే, "కూలీ దొరికిన రోజే దించాలె సార్, మల్ల దొరకరు" అన్నాడు. ఆ మేస్త్రీయే ఇప్పుడు బ్లోయర్ కిరాయికి తెస్తున్నాడు. కిరాయి మాత్రం ఇంటి ఓనరు బిల్లులోనే కలుపుతున్నాడు.