ఏ ఊరు, ఎవరి ఊరు

ఫిజిక్సు చదివినవాళ్ల జీతం ఊరిని బట్టి మారుతుందంటారు. ఎంత? ఏడో పే కమిషన్ ప్రకారం కేంద్ర విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ఎక్కడైనా 57,700తోనే మొదలు. ఇంటద్దె భత్యం మాత్రం 2024 జనవరి నుంచి హైదరాబాద్‌లో 30 శాతం, చిన్న ఊళ్లలో 10. నెలకు 11,540 తేడా. అదంతా అద్దెకే పోతుంది (ఒంటరి ఆడదానికి ఇల్లు దొరికితే!).

కానీ ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించేదెవరు? బీర్పూర్‌లో మా చిన్నమ్మ బీడీలు చేసి బిడ్డను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివించింది. చెల్లె హైదరాబాద్‌లో పరిశోధన చేస్తానంది. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000. ఈలోగా పెళ్లైంది. భర్త కొలువు జగిత్యాలలో. తనూ అక్కడే ఓ ప్రైవేటు కాలేజీలో గెస్టు లెక్చరరైంది. పీరియడ్‌కింత అని ఇస్తారు. ఎండాకాలం సెలవుల్లో ఏమీ రాదు, కాన్పుకీ రాదు. తల్లికి వెయ్యి బీడీల లెక్క, బిడ్డకు పీరియడ్ల లెక్క. తల్లికైతే పీఎఫ్ ఉంది.