బౌబజార్‌లో జల పడింది!

కోల్‌కతాలో నగలంటే బౌబజార్‌ పేరే చెబుతారు. సియాల్దా స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంటుంది. రోడ్డు మీద బంగారం దుకాణాల వరస, వెనక ఇరుకు సందుల్లో కంసాలుల చిన్న చిన్న గదులు. బెంగాలీలో ‘బౌ’ అంటే కోడలు. పూర్వం ఓ శ్రీమంతుడు తన కోడలికి ఈ బజారును రాసిచ్చాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ అంటారు.

ఆ సందుల కింద ఈస్ట్‌-వెస్ట్‌ మెట్రో కోసం ‘చండీ’ అనే భారీ యంత్రం సొరంగం తవ్వుతోంది. 2019 ఆగస్టు 31న దానికి జల తగిలింది. మనింట్లో బోరు వేసినప్పుడు జల పడితే పండగే. సొరంగంలో పడితే..? దుర్గా పితురీ లేన్‌, స్యాక్రా పాడా లేన్‌లలో గోడలు బీటలు వారాయి. ఇళ్లు పక్కకి ఒరిగాయి. కొన్ని కుప్పకూలాయి. వందలమంది కట్టుబట్టలతో హోటళ్లకు చేరారు. కొందరికి ఇంటితోపాటు పనిచేసుకునే గదీ పోయింది.

ఎందుకిలా జరిగింది? కోల్‌కతాది గంగ తెచ్చిపోసిన ఒండ్రు నేల. కొద్ది లోతులోనే నీళ్లుంటాయి. ఏట్లో చెలమ తవ్వితే చూడండి... నీరు ఊరేకొద్దీ అంచుల్లోని ఇసుక జారి గుంటలో పడుతుంది. ఇక్కడా అంతే. సొరంగంలోకి నీరు ఒక్కటే రాలేదు, సన్నని ఇసుకనీ మట్టినీ మోసుకొచ్చింది. అవి ఖాళీ చేసిన చోటికి పైనేల కుంగింది. దాని మీదున్నవేమో ఏనాటివో పాత ఇళ్లు!

ఆ ఉరవడిని ఆపింది కూడా నీళ్లే. సొరంగంలో అడ్డుగోడలు కట్టి లోపల నీరు నింపారు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సరితూగితే ఊట ఆగుతుంది. మిగిలిన సొరంగాన్ని ‘ఊర్వీ’ అనే మరో యంత్రం అవతలి వైపు నుంచి వచ్చి పూర్తిచేసింది. కానీ కష్టాలు తీరలేదు. 2022 మేలో దుర్గా పితురీ లేన్‌లో, అక్టోబరులో మదన్‌ దత్తా లేన్‌లో మళ్లీ ఇళ్లు బీటలిచ్చాయి.

సొరంగం తవ్వేముందు అక్కడక్కడా బోర్లు వేసి మట్టినీ నీటినీ పరీక్షిస్తారు. రెండు బోర్ల మధ్య ఏముందో మాత్రం ఊహించుకోవాల్సిందే.

2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్‌-సియాల్దా మధ్య రైళ్లు మొదలయ్యాయి. కొద్ది నిమిషాల ప్రయాణం. కిటికీలోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఆ పైనే, ఒకప్పుడు కంసాలుల సుత్తి చప్పుడు వినిపించిన ఇళ్లు ఉండేవి.