నా కారు సైలెన్సర్, నాన్న ఎడమ చెవి

శనివారం పొద్దున్నే నా కారు స్టార్ట్ చేయాలంటే ముందు దాన్ని తోయాలి. బ్యాటరీ డౌన్ అయి కాదు. మా పై ఫ్లాట్‌లో నాలుగు నెలల పాప ఉంది. అందుకే న్యూట్రల్‌లో పెట్టి, అపార్ట్‌మెంట్ గేటు దాకా తోసుకెళ్లి, అక్కడ తాళం తిప్పుతా. టన్ను బరువే కాబట్టి సరిపోయింది. ఆ రోజు నాన్న కూడా వెనక నుంచి ఓ చెయ్యి వేశాడు.

"ముప్ఫై ఏళ్లు ప్యాసింజర్ల చేత బస్సు తోయించా. చివరికి నా చేతే తోయిస్తున్నావు కదరా!"

నేనుండేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో. కారు 1994 మాజ్డా మియాటా. నాకంటే మూడేళ్లు పెద్దది. రెండే సీట్లు, పైకి లేచే హెడ్‌లైట్లు, 1.8 లీటర్ ఇంజిన్, 128 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఆ పవర్ చెప్తే ఎవరైనా నవ్వుతారు. కానీ 1989లో ఈ మోడల్‌ని మొదట తెచ్చినప్పుడు మాజ్డా వాళ్లు దీని ఎగ్జాస్ట్ గొంతు పాత బ్రిటిష్ రోడ్‌స్టర్లలా ఉండాలని పనిగట్టుకుని ట్యూన్ చేశారు. నాకు ముందు ఈ కారు నడిపిన మహానుభావుడు ఆ ట్యూనింగ్ అంతా పీకేసి, మధ్యలో రెజొనేటర్ తీసేసి, వెనక పాలక్యాన్ లాంటి మఫ్లర్ ఒకటి తగిలించాడు. మనం సైలెన్సర్ అంటామే, అదే. ఇక్కడ మాత్రం అది సైలెంట్‌గా ఉండే సమస్యే లేదు.

నిజం చెప్పాలంటే నాకది చాల్లేదు. ఇంకా మోత కావాలని మూడు నెలలుగా స్ప్రెడ్‌షీట్ నడుపుతున్నా. రెండున్నర అంగుళాల పైపు, 304 స్టెయిన్‌లెస్ స్టీల్, రెజొనేటర్ అసలొద్దు. బడ్జెట్ 1,600 డాలర్లు. ఆఫీసులో స్ప్రింట్ ప్లానింగ్‌కి కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

రూల్స్ కూడా చదివా. కాలిఫోర్నియాలో ఈ వయసు కారుకి రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ ఉంటుంది. కారుని రోలర్ల మీద నడిపించి పొగ కొలుస్తారు, కేటలిటిక్ కన్వర్టర్ ఉందో లేదో కింద చూస్తారు. దాన్ని గానీ, దాని ముందున్న హెడర్‌ని గానీ మార్చాలంటే రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరున్న పార్టే వేయాలి. కన్వర్టర్ నుంచి వెనక్కి మాత్రం మన ఇష్టం, మోత 95 డెసిబెల్స్ దాటకూడదు అంతే. కాబట్టి నా ప్లానంతా కన్వర్టర్ వెనకే.

అప్పుడు నాన్న వచ్చాడు, ఆరు నెలలు ఉండటానికి. మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎక్కువ డ్యూటీలు శ్రీశైలం ఘాట్ మీదే.

ఆ శనివారం సారటోగా ఊరు దాటి హైవే 9 ఎక్కాం. అక్కణ్నుంచి ఘాటే. మలుపు మీద మలుపు, రెండు వైపులా రెడ్‌వుడ్ చెట్లు, టాప్ తీసేస్తే నెత్తి మీద చల్లటి నీడ. నాన్న చుట్టూ చూసి, "దోర్నాల దాటాక ఇలాగే ఉంటుంది. కోతులేవి మరి?" అన్నాడు. మలుపుల్లో ఎవరూ హారన్ కొట్టకపోవడం ఆయనకి చివరి దాకా మింగుడు పడలేదు.

కొండ పైన సారటోగా గ్యాప్ దగ్గర కుడికి తిరిగితే స్కైలైన్ రోడ్డు. కొండల వీపు మీదే పోతుంది. ఒక పక్క చెట్ల సందుల్లోంచి సిలికాన్ వ్యాలీ, ఇంకో పక్క పసిఫిక్ మీద పరుచుకున్న పొగమంచు. హైవే 84 కలిసే చోట ఆలిసెస్ రెస్టారెంట్ ఉంది. వీకెండ్‌లో బైకులు, పాత కార్లు అన్నీ అక్కడే చేరతాయి. నాన్న కాఫీ పట్టుకుని ఒక్కో బండి దగ్గరా కిందికి వంగి చూశాడు. నేను ఉత్సాహంగా నా ప్లానంతా చెప్పా. నవ్వుతూ తలూపాడు.

తిరుగుదారిలో 280 ఫ్రీవే ఎక్కి, అరవై ఐదు మైళ్ల స్పీడులో మళ్లీ చెప్పా. మళ్లీ నవ్వాడు, తలూపాడు. "నాన్నా, మధ్యాహ్నం ఎక్కడ తిందాం?" అన్నా. దానికీ నవ్వి తలూపాడు.

అప్పుడు వెలిగింది. మన బస్సుల్లో ఇంజిన్ డ్రైవర్‌కి ఎడమ పక్కనే, బానెట్ కింద ఉంటుంది. ముప్ఫై ఏళ్లు ఆ మోత తిన్నది ఆయన ఎడమ చెవి. సగం పైనే పోయింది. అమెరికాలో డ్రైవర్ సీటు ఎడమ వైపు కాబట్టి, పక్కన కూర్చున్న నాన్న ఎడమ చెవి నా వైపు ఉంది. మియాటా సైలెన్సర్ గొట్టం కుడి పక్కన. మిగిలిన మంచి చెవి సరిగ్గా దాని వైపు. నెల రోజులుగా ప్రతి వారం షికారు తీసుకెళ్లి, నేను చెప్పిన ఒక్క ముక్కా ఆయనకి వినపడనివ్వలేదన్నమాట.

ఆ రాత్రి స్ప్రెడ్‌షీట్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టా.

ఫ్రీవే స్పీడులో ఐదో గేర్‌లో ఈ ఇంజిన్ 3,200 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. నాలుగు సిలిండర్లు, చుట్టుకి రెండు పేలుళ్లు. అంటే సెకనుకి 107. ఆ గుయ్యి అదే, 107 హెర్ట్జ్. దాన్ని చంపడానికి ఓ పాత చిట్కా ఉంది. మెయిన్ పైపు పక్కన, చివర మూసేసిన గొట్టం ఒకటి అతికించాలి. శబ్దం అందులోకి వెళ్లి, మూతకి కొట్టుకుని, సరిగ్గా ఎదురు అలగా తిరిగొచ్చి అసలు దాన్ని రద్దు చేస్తుంది. గొట్టం పొడవు తరంగంలో నాలుగో వంతు ఉండాలి. మామూలు గాలిలో లెక్కేస్తే 80 సెంటీమీటర్లు. కానీ సైలెన్సర్‌లో గాలి వేడి. వేడి గాలిలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది, గొట్టమూ ఇంకా పొడవు కావాలి. ఎంత వేడి అన్న దగ్గర నా బీటెక్ ఆగిపోయింది.

శాన్ హోసేలో ఓ చిన్న మఫ్లర్ షాపుకి వెళ్లాం. మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన, ఒక్కడే నడుపుతున్నాడు. నా షీటు చూసి, "ముందు పొడుగ్గా పెడదాం, నడిపి చూసి కోసుకుంటూ పోదాం" అన్నాడు. పైపు కూడా రెండుంపావు అంగుళాలు చాలన్నాడు. టర్బో లేని ఇంత చిన్న ఇంజిన్‌కి మరీ లావు పైపు వేస్తే గ్యాస్ వేగం తగ్గుతుంది తప్ప ఒరిగేదేం లేదట. రెజొనేటర్ మళ్లీ పెట్టించా. పాలక్యాన్ బదులు పొడవాటి మఫ్లర్.

ఈలోపు నాన్న ఓ పాత గుడ్డ తీసుకుని, ఇంజిన్ ఆన్‌లో ఉండగా వెనక గొట్టానికి అడ్డంగా నొక్కిపట్టమని నాకు సైగ చేశాడు. ఆయన లిఫ్ట్ కిందికి వెళ్లి, తల తిప్పి, కుడి చెవి పైకి పెట్టి ఒక్కో జాయింటూ విన్నాడు. కన్వర్టర్ ముందు జాయింట్ దగ్గర ఆగి వేలు చూపించాడు. షాపాయన అక్కడ చెయ్యి పెట్టి చూసి, నవ్వుతూ నాన్న భుజం తట్టాడు. గ్యాస్కెట్ పోయింది. నేను స్టైల్ అనుకుంటున్న టకటక సగం అక్కణ్నుంచే వస్తోంది! ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. అరగంట మాత్రం బాగానే మాట్లాడుకున్నారు.

పక్క గొట్టాన్ని రెండుసార్లు కోయాల్సి వచ్చింది. మొత్తం 900 డాలర్లయింది.

మూడు వారాల తర్వాత మళ్లీ హైవే 9. ఈసారి కారు తోయలేదు, పార్కింగ్‌లోనే స్టార్ట్ చేశా. గుయ్యి పూర్తిగా పోలేదు గానీ, ఫ్రీవే మీద కాస్త గట్టిగా మాట్లాడితే వినపడేంత తగ్గింది. ఘాట్‌లో మాత్రం గొంతు బాగుంది, కింద నుంచి గరగరమంటూ లేస్తుంది. అమ్మ మోకాళ్ల సంగతి చెప్తూ ఓ మలుపు తిప్పుతున్నా.

"మొదటి డాక్టర్ ఆపరేషన్ వద్దన్నాడు కదా, మళ్లీ ఇంకొకరెందుకు?" అన్నాడు నాన్న.

నేను ఆయన వైపు చూశా.

"రోడ్డు చూడు. ఇంజిన్ మూలుగుతోంది, థర్డ్ వెయ్."