బుజ్జిగాడి కోదండం

పొడుగు పిల్లలున్న ఇంటి అవస్థలు ఆ ఇంటివాళ్లకే తెలుస్తాయి. రెడీమేడ్ ప్యాంటు చీలమండ దాకా కూడా రాదు. మంచం మీద పడుకుంటే పాదాలు గాల్లో ఉంటాయి. గుమ్మం దాటినప్పుడల్లా ‘తల, తల’ అని మనమే అరవాలి. మా అక్క కొడుకు బుజ్జిగాడి సంగతి ఇదే. పేరు చూసి చిన్నపిల్లాడనుకునేరు! పదిహేడేళ్లకే ఆరడుగుల మూడంగుళాలు. సెలవుల్లో మామిడి తోటకు వెళ్తే కాయల ట్రేలు రెండేసి ఒకేసారి ఎత్తి లారీకి అందిస్తాడు. బట్టలంటే దర్జీ కుడతాడు, మంచమంటే వడ్రంగి చేస్తాడు. వాడికి సరిపడే విల్లు ఎవరు చేస్తారు? తిరువూరులో మా ఇంట్లో రెండేళ్లపాటు నలిగిన ప్రశ్న ఇది.

ఈ కాలంలో విల్లేమిటని ముక్కున వేలేసుకోకండి. మాకు గంటన్నర, రెండు గంటల ప్రయాణంలో ఉన్న విజయవాడలో ఈ విద్య బాగా వేళ్లూనుకుంది. 2010లో రోడ్డు ప్రమాదంలో పోయిన చెరుకూరి లెనిన్‌ని అక్కడివాళ్లు ఇంకా తలుచుకుంటారు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జంట నాలుగో స్థానంలో నిలిచింది. టీవీలో అదంతా చూసిన పిల్లాడు ‘నేనూ నేర్చుకుంటా పిన్నీ’ అంటే కాదనడం ఎవరి తరం?

అయితే విల్లులన్నీ ఒకటి కావు. సురేఖ వాడే కాంపౌండ్ విల్లుకు కొసల్లో చక్రాలుంటాయి, మనిషి చేతి పొడవును బట్టి సర్దుకోవచ్చు. ధీరజ్ వాడే రికర్వ్ విల్లుకు పిడి వేరు, రెక్కలు వేరు. మనం మిక్సీకి జార్లు మార్చినట్టు పొడుగువాళ్లు పొడుగు రెక్కలు బిగించుకుంటారు. ఆ సామానంతా కలిపితే లక్ష దాటుతుంది. మాలాంటివాళ్ల పిల్లలకు దిక్కు ‘ఇండియన్ రౌండ్’. వెదురు విల్లుతో 30, 50 మీటర్ల నుంచి వేసే పోటీలు అవి. ధరా అందుబాటులో ఉంటుంది. చిక్కల్లా వెదురు విల్లుకు సర్దుబాటు లేకపోవడమే. ఒకసారి చేశాక అది ఎంతో అంతే.

బజారు విల్లు అయిదున్నర అడుగుల మనిషిని మనసులో పెట్టుకుని చేసినది. బుజ్జిగాడు మొదటిదాన్ని నాలుగు నెలలకే విరిచాడు. అది విరిగిన చప్పుడుకు పక్కింటివాళ్లు టపాకాయ అనుకున్నారు. ‘ఇంత బలముంది కదా, గట్టిది పట్టు’ అని చుట్టూ ఉన్నవాళ్లు ఎగదోస్తే రెండోసారి గట్టిది తెచ్చుకున్నాడు. అది విరగలేదు, వీడి భుజమే పట్టేసింది. కుడిచెయ్యి తల మీదికి లేవక దువ్వెన ఎడమచేత్తో పట్టుకునేవాడు. డాక్టరుగారు ఆరు వారాలు ముట్టుకోవద్దన్నారు. మా అక్కయితే ఆ విల్లును పొయ్యిలో పెడతానని కూర్చుంది. పిల్లాడు అన్నం దగ్గర మాట్లాడడం మానేశాడు. ఒకపక్క తల్లి భయం, ఇంకోపక్క వాడి దిగులు. నాకు ఇద్దరి బాధా అర్థమయ్యేది.

అసలు లోపమెక్కడో టేపు పెట్టి కొలిస్తేగానీ తెలియలేదు. మీరూ ఇంట్లో కొలిచి చూడండి, సరదాగా ఉంటుంది. గోడకు ఆనుకుని రెండు చేతులూ బార్లా చాపించి, ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఎన్ని అంగుళాలో చూసి రెండున్నరతో భాగించండి. నారిని ఎంత దూరం లాగగలరో ఇంచుమించు తెలుస్తుంది. బుజ్జిగాడి బార 77 అంగుళాలు, అంటే లాగుడు దాదాపు 31. విల్లు బలాన్నేమో 28 అంగుళాల దగ్గర కొలిచి రాస్తారు. ఆపైన లాగే ప్రతి అంగుళానికీ రెండు మూడు పౌండ్లు పెరుగుతూనే ఉంటుంది. నలభై పౌండ్లని రాసిన విల్లు వాడి చేతిలో నలభై ఏడు, నలభై ఎనిమిది అవుతోందన్నమాట! పైగా పొట్టి విల్లును అంత దూరం లాగితే చివరి రెండంగుళాల్లో ఒక్కసారిగా బిగుసుకుంటుంది. బలమున్నవాడు గనక అదీ లాగేస్తాడు. వెదురు ఓర్చుకోలేక విరుగుతుంది, లేదా వీడి భుజం దెబ్బతింటుంది.

ఇంతలో మా వీధిలో కూతురింటికి ఏజెన్సీ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నాడు, కోయవారు. తిరువూరు మీదుగా పోయే రోడ్డే అటు విజయవాడకీ ఇటు భద్రాచలానికీ వెళ్తుంది కదా, రాకపోకలు ఎక్కువే. చిన్నప్పటి నుంచీ విల్లులు చెక్కిన చెయ్యి. వాళ్ల విల్లుకు నారి కూడా వెదురు బద్దే! బుజ్జిగాణ్ణి తీసుకెళ్తే ఎగాదిగా చూసి, గోడకు నిలబెట్టి తల దగ్గర బొగ్గుతో గీత గీశాడు.

“విల్లు ఇంతుండాలి తల్లీ” అన్నాడు.

“మరి మీ విల్లులు పొట్టిగా ఉంటాయేం తాతా?” అన్నాను.

“మేం పొదల్లో దూరాలి. పొడుగుదైతే కొమ్మలకు తట్టుకుంటది. ఈ అబ్బాయి మైదానంలో నిలబడి కొడతాడుగా, ఈడికెందుకు పొట్టిది?”

ఆ బొగ్గు గీత ఎంత పాతదో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. అలెగ్జాండర్‌తో మన దేశం వచ్చిన నియార్కస్ మాటల ఆధారంగా ఆరియన్ అనే రచయిత మన విలుకాళ్ల గురించి రాశాడు. విల్లు మనిషంత ఎత్తు ఉండేదట. దాని కొస నేలకు ఆనించి, ఎడమ పాదంతో అదిమి లాగేవారట. బాణం మూడు మూరలకు కొంచెం తక్కువ. క్రీస్తుపూర్వం 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి సైన్యం ఓడినప్పుడు, వానకు నేల జారి ఆ పెద్ద విల్లులు ఆనించడం కుదరలేదని ఇంకో చరిత్రకారుడు రాశాడు. పురుషోత్తముడు అయిదు మూరలకు పైబడ్డ మనిషని కూడా రాశారు. కాస్త ఎక్కువే చెప్పి ఉంటారులెండి! కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తాటిచెక్క, వెదురు, కలప, కొమ్ము, ఈ నాలుగింటితో విల్లులు చేస్తారని ఉంది. ఆ వరసలో వెదురు విల్లు పేరు కోదండమట. రాములవారి చేతిలోని కోదండమనే మాట మనకు కొత్తదా!

వెదురు అడితీలో లోపల బోలు తక్కువున్న గట్టి బొంగు చూసుకుని, మూడేళ్లు దాటినదాన్ని తాతే ఏరాడు. చీల్చిన బద్దల్ని నీడలో ఆరు నెలలు ఆరబెట్టాం. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. ఊరగాయకు ఎండ కావాలి, విల్లుకు నీడ కావాలి! వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది గనక, ఆ పైపొరను, కణుపులను కత్తి తగలకుండా ఉంచాలి. ఆ పక్క గురివైపు ఉంటుంది. చెక్కేదంతా లోపలివైపే. వంకర ఉన్నచోట నిప్పుల సెగ చూపించి మెల్లగా సరిచేశాడు.

ఇక్కడొక కిటుకు ఉంది. బలమైన పిల్లాడికి బలమైన విల్లంటే మందంగా చేస్తే చాలనుకుంటాం కదా. మందం పదో వంతు పెంచితే బిగువు మూడో వంతు పెరుగుతుంది, రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు! కానీ మందమైన బద్దను వంచితే పైపొర మరీ సాగి ముందుగానే విరుగుతుంది. అందుకని పొడవు పెంచి, వెడల్పు కొంచెం పెంచి, మందాన్ని అదుపులో ఉంచాలి. బజారుది 64 అంగుళాలు, మాది 74 వచ్చింది. జపానువాళ్లు కూడా మామూలు మనిషికి 221 సెంటీమీటర్ల విల్లు, పొడుగువాళ్లకు 227 అని వేర్వేరుగా చేస్తారట.

చెక్కడం కన్నా చూడడమే పెద్ద పని. విల్లును గోడ మేకుకు తగిలించి, తాడు కొంచెం కొంచెం కిందికి లాగుతూ రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయా అని చూడాలి. ఆ పని నాకు అప్పగించాడు. పూరీ ఒకపక్క మందంగా ఉంటే మన కంటికి తెలియదూ? అలాగే నేను దూరంగా నిలబడి ‘పై రెక్క మధ్యలో వంగట్లేదు తాతా’ అంటే, అక్కడ గాజు పెంకుతో నాలుగు గీకులు. మళ్లీ తగిలించడం, మళ్లీ చూడడం. ఎక్కువ గీకితే తిరిగి అతికించలేం. మూడు రోజులు ఇదే పని. ఆ మూడు రోజులూ మా ఇంట్లో పచ్చడి మెతుకులే!

ఎంత బలానికి ఆపాలన్నదాని మీద ఇంట్లో యుద్ధమే జరిగింది. బుజ్జిగాడు యాభై పౌండ్లు కావాలంటాడు. అక్క ఏ విల్లూ వద్దంటుంది. అప్పుడు నేను మేరీ రోజ్ కథ చెప్పాను. అది 1545లో మునిగిపోయిన ఇంగ్లండు యుద్ధనౌక. 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా పొడుగాటి విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి. నూరు నుంచి నూట ఎనభై పౌండ్ల బలముంటుందని లెక్కగట్టారు. వాటితో దొరికిన ఎముకల్లో, భుజం కొసన ఇరవై ఏళ్లు దాటేసరికి అతుక్కుపోవాల్సిన ఎముక అతుక్కోకుండా మిగిలిపోవడం మామూలుకన్నా ఎక్కువమందిలో కనిపించింది. చిన్నతనం నుంచి బరువైన విల్లులు లాగడమే కారణం కావచ్చంటారు. ‘నీకింకా పద్దెనిమిది నిండలేదురా, ఆ ఎముక ఇంకా పచ్చిగానే ఉంది’ అన్నాను. వాడు భుజం తడుముకుని ఊరుకున్నాడు.

చివరకు వాడి 31 అంగుళాల దగ్గర 36 పౌండ్లకు ఆపాం. మా స్ప్రింగు కాటాకు తగిలిస్తే పదహారు కిలోల పైన కొంచెం చూపించింది. ‘ఇంతేనా పిన్నీ, పిల్లల ఆటలా ఉంది’ అని మొదటిరోజు మూతి ముడిచాడు. వారం తిరిగేసరికి వాడే, ‘చివరి వరకూ ఒకేలా వస్తోంది, గురి చూసుకునే తీరిక దొరుకుతోంది’ అన్నాడు. ఏడాదైంది. భుజం నొప్పి మళ్లీ రాలేదు. మొన్న సెలక్షన్స్‌కు వెళ్లాడు, ఎంపిక కాలేదు. తిరిగొచ్చి రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోరోజు పొద్దున్నే విల్లుతో పెరట్లో కనిపించాడు.

విల్లున్న ఇంట్లో ఇల్లాలికి పని పెరుగుతుంది సుమా. వాడనప్పుడు నారి దింపేయాలి, లేకపోతే వంగినట్టే ఉండిపోతుంది. పొయ్యి దగ్గరా, తడిగోడకీ ఆనించకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు, మంచి విల్లు కూడా విరిగిపోతుంది. చుట్టాల పిల్లలు సరిగ్గా అదే చేస్తారు! అందుకే మా ఇంట్లో అది అటక పక్క పొడుగు మేకుకు ఉంటుంది, బుజ్జిగాడికి తప్ప ఎవరికీ అందదు. అటక మీద తర్వాతి విల్లుకు బద్దలు ఆరుతున్నాయి. నలభై పౌండ్లకు, వాడికి పందొమ్మిది నిండాక. వాటి మీద తేదీ సుద్దతో రాసిపెట్టింది మా అక్కే.